మా నాయన టోపీలు పెట్టేవాడు

హైస్కూల్లో చేరేటప్పుడు అప్లికేషన్‌లో 'తండ్రి వృత్తి' అని ఒక గడి ఉండేది. నాయనకు చదువు రెండో క్లాసుతో ఆగిపోయింది కాబట్టి రాసే పని నాది. "ఏమని రాసేది నాయనా?" అని అడిగితే కాసేపు మీసం దువ్వుకుని, "వ్యాపారం అని రాయి" అన్నాడు. నేను 'వ్యా' రాసేలోపల, "వద్దులే. వ్యాపారం అంటే ఫీజు ఎక్కువ అడుగుతారేమో. కూలి అని రాయి" అన్నాడు. ఆ 'వ్యా' కొట్టేసి కూలి అని రాశాను. దాని కిందే 'తల్లి వృత్తి' ఉంది. దానికి ఆయన్ని అడగను కూడా లేదు, గృహిణి అని రాసేశాను. మాది ఒకటే గది. ఆ రాసే టైములో నా వెనకే అమ్మ కుట్టు మిషన్ టకటకమని తొక్కుతూ ఉంది.

మా నాయన తిరుపతిలో గుండ్లకు టోపీలు అమ్మేవాడు. కొండ మీద కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి, దర్శనం చేసుకుని, లడ్డూ సంచి చంకన పెట్టుకుని కిందికి దిగేసరికి మిట్టమధ్యాహ్నం అయ్యుంటుంది. నున్నటి గుండు, దాని మీద ఎండిపోయిన గంధం, పైన తిరుపతి ఎండ. రైల్వే స్టేషన్ ముందర బస్సు దిగి నాలుగు అడుగులు వేసేలోగా మనిషి చెయ్యి తనంతట తానే నెత్తి మీదికి పోతుంది. ఆ చెయ్యి పైకి లేవడం కోసమే మా నాయన కాచుకుని ఉండేవాడు. "చెయ్యి లేచిందంటే బేరం కుదిరినట్టే" అనేవాడు.

క్లాసులో పిలకాయలకు ఇది తెలిసిపోయింది. "మీ నాయన ఊరందరికీ టోపీలు పెడతాడంట కదరా" అని నవ్వేవాళ్ళు. నాకు ఏడుపొచ్చేది. ఇంటికొచ్చి చెబితే ఆయన మాత్రం పగలబడి నవ్వాడు. "నిజమే కదరా. గుండు కొట్టేది వాళ్ళు, టోపీ పెట్టేది మనం" అన్నాడు.

మా సొంతూరు వాయల్పాడు వైపు. చెరువు కింద ఎకరా, వానల్ని నమ్ముకుని చెనిక్కాయలు వేసే మెట్ట ఎకరా. వరసగా వానలు ఎగ్గొట్టిన మూడో ఏడు నాయన పాకాల మీదుగా వచ్చే మీటర్ గేజి రైలెక్కి తిరుపతి వచ్చేశాడు. అది 1975 ప్రాంతం. మొదట ఒక సత్రంలో బకెట్లు మోశాడు. తర్వాత కోనేరు కట్ట దగ్గర టెంకాయల అంగట్లో ఉన్నాడు. జీతం అడిగితే ఓనరు "వచ్చే వారం" అనేవాడు, ఆ వచ్చే వారం ఎప్పుడూ రాలేదు. అప్పుడే ఆయన ఒక మొక్కు మొక్కుకున్నాడట, ఇంకొకరి కింద పని చేయనని. ఆ మొక్కుకు మాత్రం గుండు చేయించుకోలేదు. మా నాయనకు చివరిదాకా ఒత్తయిన జుట్టు.

ఇప్పుడు టోపీ గురించి చెప్పాలి. దాన్ని చూసిన వాళ్ళు కూడా ఎవరూ దాని లోపలికి చూసి ఉండరు.

పైన ఆరు ముక్కలు. మామిడి పిందెను నిలువుగా కోస్తే వచ్చే బద్దల్లాగా ఉంటాయి. నాయన పాత క్యాలెండర్ అట్టతో చేసుకున్న నమూనా పెట్టి, ఎనిమిది మడతల గుడ్డ ఒక్కసారే కత్తిరించేవాడు. గుడ్డ నగరి వైపు మగ్గాల నుంచి వచ్చే తక్కువ రకం. కిలోల లెక్కన తెచ్చే దర్జీల ముక్కలు కూడా కలిపేవాళ్ళు, అందుకే మా టోపీలు కొన్ని మూడు రంగుల్లో ఉండేవి. ఆరు ముక్కలూ కలిసే నడినెత్తి దగ్గర ఒక బొడిపె, లోపల అంచుకు పట్టీ, వెనక రెండంగుళాల ఎలాస్టిక్. గుండు చేయించుకున్న తల అంతకుముందు రోజుకంటే చిన్నది అవుతుంది కదా, అందుకని ఎలాస్టిక్ లేకపోతే టోపీ కళ్ళ మీదికి జారిపోతుంది. ముందర నీడకు అట్ట. ఆ అట్టే అసలు సంగతి.

అట్ట కొనాలంటే ఖర్చు. నాయన ప్రింటింగ్ ప్రెస్సుల వెనకాల పారేసే పెళ్లి పత్రికల అట్టలు తూకానికి తెచ్చేవాడు. తప్పు పడినవి, రంగు అంటుకున్నవి, సైజు కోసేసినవి. అమ్మ వాటిని నెలవంకలాగా కోసి గుడ్డ మధ్యలో పెట్టి కుట్టేసేది. ఎండకు చెమట పట్టి, నాలుగు రోజులకు గుడ్డ పలచబడితే లోపల అక్షరాలు కనబడేవి. ఏ మైసూరాయన నుదుటి మీదో 'చి.ల.సౌ.' అనో, 'బంధుమిత్ర సపరివార' అనో తొంగిచూస్తూ ఉండేది. నేను చదవడం నేర్చుకున్నది సగం ఆ అట్టల మీదే. ఒకసారి ఒక ముహూర్తం సగానికి తెగి, 'ఉదయం 9 గంటల' దగ్గర ఆగిపోయింది. మిగతా సగం ఎవరి నెత్తి మీద ఉందో అని నేను చాలా రోజులు ఆలోచించాను.

టోపీకి పది నిమిషాలు పట్టేది అమ్మకు. వంట, నీళ్ళు, మేము, వీటన్నింటి మధ్య పగలు రెండు డజన్లు. మేం పడుకున్నాక ఇంకో డజను. మిషన్ కింద గుడ్డపేలికల గుట్ట మీద మా చెల్లెలు నిద్రపోయేది. ఆ చప్పుడు ఆగితే లేచి ఏడ్చేది, మళ్ళీ తొక్కితే నిద్రపోయేది.

నాయన దగ్గర ఒక లెక్కల పుస్తకం ఉండేది. అందులో గుడ్డకు ఎంత, దారపు రీళ్ళకు ఎంత, ఎలాస్టిక్‌కు ఎంత, బండి అద్దె ఎంత, 'పెద్దోళ్ళకు' ఎంత అని వచ్చీరాని అక్షరాల్లో రాసుకునేవాడు. పెద్దోళ్ళంటే రోడ్డు మీద నిలబడనిచ్చినందుకు వసూలు చేసుకునే వాళ్ళు. టోపీ రెండు రూపాయల పావలాకు పడింది, మూడున్నరకు అమ్మాను, రూపాయి పావలా మిగిలింది అనేవాడు. ఆ లెక్కలో అమ్మ పది నిమిషాలు ఎక్కడా లేవు. ఆయన దుర్మార్గుడై కాదు. అమ్మకు కూడా అది లెక్కలో ఉండాలని తోచలేదు. చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ ఉండేది కాదు. పక్కింటి అత్త పూలు కట్టేది, ఎదురింటామె అప్పడాలు ఒత్తేది, అందరూ 'ఇంట్లోనే ఉంటారు'.

పూలంటే గుర్తొచ్చింది. కొండ మీద ఆడవాళ్ళు పూలు పెట్టుకోకూడదు, అక్కడ పూసిందల్లా స్వామికే. అందుకని పక్కింటి అత్త బేరమంతా కొండ దిగి వచ్చేవాళ్ళతోనే. మా నాయన, ఆమె ఒకే బస్సు కోసం కాచుకునేవాళ్ళు. మొగుడికి టోపీ ఈయన దగ్గర, పెళ్ళానికి రెండు మూరల కనకాంబరాలు ఆమె దగ్గర. పెళ్ళాం కూడా గుండు చేయించుకుని దిగితే అత్త ముఖం మాడిపోయేది. నాయనకు రెండు టోపీలు.

ఆయనకు 'ఎంత' అనే మాట ఆరు భాషల్లో వచ్చు. తమిళంలో ఎవ్వళవు, కన్నడంలో ఎష్టు, హిందీలో కిత్నా, మరాఠీలో కేవఢ్యాలా, ఒరియాలో కేతే. మన తెలుగుతో ఆరు. యాభై దాకా అంకెలు కూడా వచ్చు. అంతకు మించి ఏ భాషలోనూ ఒక్క ముక్క రాదు. అయినా ఒరిస్సా నుంచి వచ్చిన ముసలాయనతో అరగంట మాట్లాడి, వాళ్ళ ఊళ్ళో కూడా వానలు లేవంట అని ఇంటికొచ్చి చెప్పేవాడు. ఎట్లా తెలిసిందో ఆ వెంకన్నకే తెలియాలి.

మా ఇంటి క్యాలెండర్ వేరు. పెరటాసి నెల వస్తే తమిళం వాళ్ళు, అందులోనూ శనివారాలు జాతర. బ్రహ్మోత్సవాలు సరేసరి. ఎండాకాలం సెలవులు మాకు పంట కోతల కాలం. వానలు పట్టుకునే కార్తీకంలో తిరుచానూరు పంచమి తీర్థం రోజు ఒక్కటి తప్పితే మిగతాదంతా పస్తే. నెత్తి మీద వాన పడుతుంటే గుడ్డ టోపీ ఎవరికి కావాలి? తుఫాను వచ్చిందంటే మా ఇంట్లో సంగటి ముద్ద సైజు తగ్గేది. ఊరిబిండి మాత్రం తగ్గేది కాదు, దాన్ని నంజుకుంటే ముద్ద చిన్నదైనా తెలియదని అమ్మ లెక్క.

రోడ్డు మీద జాగా ఎవరిదీ కాదు, కానీ ఎవరి జాగా వాళ్ళదే. నాలుగు కాళ్ళ మండపం వైపు మొదటి చెట్టు కింద దువ్వెనలాయన, తర్వాత మా నాయన, తర్వాత సోడా బండి. నాయనకు జ్వరం వచ్చి పది రోజులు పోకపోతే ఆ ఆరడుగుల జాగా పది రోజులూ ఖాళీగానే ఉండేది. కొత్తవాడెవడైనా నిలబడబోతే సోడా ఆయనే "అన్న వస్తాడు, నువ్వు పక్కకు పో" అనేవాడు. కాగితం లేదు, సంతకం లేదు. ఢిల్లీ నుంచో హైదరాబాదు నుంచో ఎవరో పెద్దమనిషి దర్శనానికి వస్తున్నాడంటే మాత్రం ఆ రాజ్యమంతా గంటలో ఎత్తేసేవాళ్ళు. తిరుపతిలో పెద్దమనుషులు రాని వారం ఉండదు. ఒకసారి ఇరవై డజన్ల మూటతో సహా బండి పోయింది. బండి మూడో రోజు తిరిగొచ్చింది, మూట రాలేదు. ఆ నెలంతా ఎవరి నెత్తి మీద టోపీ కనబడినా అది మాదేమోనని చూసేవాణ్ణి.

ఆ మూట పోయినప్పుడే నూరు రోజుల అప్పు మా ఇంటికి వచ్చింది.

వెయ్యి రూపాయలని పేరు, చేతికిచ్చేది తొమ్మిది వందలు. రోజుకు పది చొప్పున నూరు రోజులు కట్టాలి. సాయంత్రం ఆరింటికి అప్పిచ్చినాయన సైకిలు మీద వచ్చి, కాలు నేల మీద ఆనించి, పది తీసుకుని, నాయన పుస్తకం వెనక పేజీలో ఒక గీత గీసి పోయేవాడు. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. బేరం లేని రోజు కూడా గీత పడాల్సిందే. ఆయన మంచివాడా చెడ్డవాడా అంటే చెప్పలేను. అమ్మకు కాన్పు కష్టమైన రాత్రి పదకొండు గంటలకు తలుపు తడితే కాగితం అడక్కుండా డబ్బిచ్చింది ఆయనే. రెండు రోజులు గీత ఆగితే వీధిలో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టిందీ ఆయనే.

గంగజాతరప్పుడు ఒక తమాషా జరిగింది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బండ వేషం రోజున ఒళ్ళంతా కుంకుమ పూసుకుని ఎవరినైనా తిట్టొచ్చు, ఎవరూ ఏమీ అనుకోకూడదు. ఆ సాయంత్రం మా బండి ముందర నిలువెల్లా ఎర్రగా ఉన్న మనిషొకడు వచ్చి నాయన్ని అమ్మనా బూతులు తిట్టి, చెయ్యి చాపాడు. నాయన దండం పెట్టి ఐదు పైసలు వేయబోయాడు. "పది రూపాయలు రా!" అన్నాడా వేషం. అప్పుడు గాని గుర్తుపట్టలేదు. సైకిలు చెట్టు కింద పెట్టి వచ్చాడు. మామూలు రోజుల్లో తిట్టడానికి ఆయనకు వేషం అక్కర్లేదు కదా, ఇంకా ఎందుకు ఈ కుంకుమ ఖర్చు అని సోడా ఆయన గొణిగాడు. గీత గీసిన చోట కుంకుమ మరక పడింది.

నేను ఎస్వీ యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్ చదివేటప్పుడు ఒకరోజు సార్ 'ఇన్‌ఫార్మల్ సెక్టార్', అంటే అసంఘటిత రంగం, పాఠం మొదలుపెట్టారు. కీత్ హార్ట్ అనే బ్రిటిష్ ఆంత్రోపాలజిస్టు ఘనా దేశంలో అక్రా నగరంలోని నిమా అనే పేదల పేటలో కొన్నేళ్ళు ఉండి, 1971లో ఒక సదస్సులో ఈ మాట వాడాడని, 1973లో ఆ వ్యాసం అచ్చయిందని, ఈలోగా 1972లో అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) కెన్యా మీద ఇచ్చిన రిపోర్టుతో మాట ప్రపంచమంతా పాకిందని చెప్పారు. లెక్కల్లో నిరుద్యోగులుగా కనబడేవాళ్ళు నిజానికి ఖాళీగా లేరట. ఉత్తరాన ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళు పట్నంలో కుడుతున్నారు, అమ్ముతున్నారు, అప్పులిస్తున్నారు, ఒకటి పోతే ఇంకొకటి పట్టుకుంటున్నారు. నేను నోట్సు రాసుకోవడం ఆపేశాను. నిమాలో కూడా ఒక సోడా ఆయన ఉండే ఉంటాడు అనుకున్నాను. ఇంటికొచ్చి, "నాయనా, నీ పనికి పేరు పెట్టినారంట, ఆఫ్రికాలో" అన్నాను. "ఆడ కూడా గుండ్లు చేస్తారా?" అని అడిగాడు.

కానీ అప్పటికే పని పడిపోతూ ఉంది. తొంభైల మధ్యలో రెడీమేడ్ టోపీలు బస్తాలు బస్తాలుగా దిగాయి. ముందర అచ్చు బొమ్మ, వెనక ప్లాస్టిక్ బటన్లు. మాకు పడే ధరకంటే వాళ్ళు అమ్మే ధరే తక్కువ. నాయన ఒక బస్తా తెచ్చి చూశాడు. అదే ఆరడుగుల జాగాలో అవే టోపీలు అమ్మాడు గాని, "ఇది అమ్మడం కాదప్పా, మోయడం" అనేవాడు. తర్వాత దువ్వెనలాయన చనిపోతే దువ్వెనలు, చేతి అద్దాలు, తాళంచెవుల గొలుసులు పెట్టాడు. అమ్మ చీరలకు ఫాల్స్ కుట్టడం, పాత చొక్కాలకు కాలర్ తిప్పడం మొదలుపెట్టింది. మిషన్ ఆగలేదు. నాయన 2011లో పోయాడు. పోయే ముందు వారం దాకా బండి దగ్గరే ఉన్నాడు.

నేను బ్యాంకులో చేరాను. ఒకరోజు లంచ్ టైములో కంప్యూటర్ ముందు కూర్చుని నాయన అప్పుకు వడ్డీ కట్టాను. రోజూ అసలు తగ్గుతూ ఉంటుంది కదా, ఆ లెక్కన చూస్తే ఏడాదికి 77 శాతం దాటింది. వెయ్యికి వందే కదా అని మేమంతా అనుకున్న అప్పు అది.

2020 మార్చి 20న కొండ మీద దర్శనాలు ఆపేశారు. మళ్ళీ అందరికీ తెరిచింది జూన్ 11న. ఆ మధ్యలో ఒకరోజు డ్యూటీకి పోతూ చూస్తే స్టేషన్ ముందు ఒక్క గుండూ లేదు, ఒక్క బండీ లేదు. ఆ జూన్‌లోనే వీధి వ్యాపారులకు స్వనిధి అనే కేంద్ర ప్రభుత్వ లోన్ల పథకం వచ్చింది. 10,000 రూపాయలు, ఏడాదిలో నెలనెలా కట్టాలి, సరిగ్గా కడితే 7 శాతం వడ్డీ సబ్సిడీ. నా టేబుల్ ముందర ఒక పళ్ళబండి ఆయన కూర్చున్నాడు. అన్నీ విని, "సార్, రోజూ సాయంత్రం మీవాళ్ళు ఎవరైనా వచ్చి తీసుకోరా?" అన్నాడు. అట్లా రారని చెప్పాను. "నెలాఖరుకు ఒకేసారి ఎట్లా ఉంటుంది సార్ చేతిలో? రోజుకు ముప్పై అంటే తెలియకుండా పోతుంది" అన్నాడు. నేను 77 శాతం లెక్క ఆయనకు చెప్పబోయి ఊరుకున్నాను. మా బ్యాంకు పదింటికి తెరుస్తుంది, నాలుగింటికి కౌంటర్ మూస్తుంది. సరిగ్గా ఆయన బండి వదిలి రాలేని టైము అదే. సైకిలు మీద వచ్చే ఆయనకు ఈ సంగతి తెలుసు. మా సర్క్యులర్లు రాసేవాళ్ళకు ఇంకా తెలియాల్సి ఉంది.

2021 ఆగస్టులో ఈ-శ్రమ్ పోర్టల్ మొదలైంది, అసంఘటిత కార్మికులందరినీ నమోదు చేసుకోవడానికి. ఆదివారం అమ్మ ఆధార్ తీసుకుని ఫోన్‌లో నింపడానికి కూర్చున్నాను. వృత్తి దగ్గర ఈసారి సరిగ్గా రాయాలని ముందే అనుకున్నాను, దర్జీ అని. అమ్మ మిషన్ దగ్గర నుంచి లేవకుండానే, "ఏమి రా అది, పింఛనా?" అంది. అందులో చేరడానికి వయసు 59 దాటకూడదు. అమ్మకు అప్పటికి అరవై ఆరు. వృత్తి గడి దాకా పోనే లేదు.

పోయిన సంక్రాంతికి ఇల్లు సున్నం కొట్టిస్తూ ట్రంకు పెట్టె దించితే నాయన లెక్కల పుస్తకం దొరికింది. బిందె కింద పెట్టినట్టు గుండ్రంగా తడి మరక. దారం, ఎలాస్టిక్, పెద్దోళ్ళు. వెనక్కి తిప్పితే ఒక పేజీ నిండా గీతలు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం. నాకు గుండె ఝల్లుమంది. రోజూ అమ్మ కుట్టిన టోపీల లెక్క అయ్యుంటుంది, ఆయన రాసుకునే ఉన్నాడు అనుకుని పరిగెత్తుకుని పోయి చూపించాను.

అమ్మ కళ్ళజోడు సర్దుకుని పుస్తకం వెలుతురులోకి తిప్పింది. గీతల మధ్య ఒకచోట పాలిపోయిన ఎర్ర మరక ఉంది. దాన్ని గోటితో గీకి చూసింది.

"నావి కాదు రా. అప్పాయన గీతలు ఇవి" అంది.

తర్వాత వేలు పెట్టి ఒక్కొక్క కట్టా లెక్కపెట్టుకుంటూ కిందికి వచ్చింది. తొంభై ఏడు దగ్గర వేలు ఆగింది.

"మూడు తక్కువ ఉండాయే" అని, పేజీ దులిపి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.